చీకట్లో అది ఏం తింటుంది?

(కోస్తాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో స్పేస్ క్లబ్ ప్రారంభం రోజున, ఉపగ్రహాల పవర్ సిస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను పరిచయం చేస్తూ అంతరిక్ష శాస్త్రవేత్త అన్నారు. అంత పెద్ద మాట నాకు సరిపోదండీ. నేను కరెంటు మేస్త్రిని. ఇంటికి వైరింగ్ చేసేవాడు ఏం చూస్తాడో ఉపగ్రహంలో నేనూ అదే చూశాను, ముప్పై ఐదేళ్ళు. ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎక్కడ కాలుతోంది. అంతే.

మాది నాయుడుపేట. శ్రీహరికోటకి దగ్గర. 1979 ఆగస్టులో మన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ మొదటిసారి లేచి బంగాళాఖాతంలో పడింది. మరుసటేడు జూలై 18న పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ లేస్తుందంటే వీధి వీధంతా మేడలెక్కింది. మా నాన్న మాత్రం కిందే కూర్చుని "నిలబడ్డాక చెప్పండ్రా, అప్పుడు చూస్తాను" అన్నాడు. ఆయన మాట అప్పుడు నాకు కోపం తెప్పించింది. తర్వాత నా ఉద్యోగం మొత్తం ఆ మాట మీదే నడిచింది. (నవ్వులు)

మీ క్లబ్ పిల్లలు నన్నెందుకు పిలిచారో వాళ్ళ ఉత్తరంలో రాశారు. "సార్, మేము క్యూబ్‌శాట్ చేస్తున్నాం, డిజైన్ పూర్తయ్యాక మీరు వచ్చి చూసి సలహా ఇవ్వాలి" అని. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ "పూర్తయ్యాక" అన్న మాట గురించే.

క్యూబ్‌శాట్ అంటే తెలియనివాళ్ళు వెనక వరసల్లో ఉంటారు కాబట్టి ఒక్క నిమిషం. 1999లో అమెరికాలో ఇద్దరు ప్రొఫెసర్లు, స్టాన్‌ఫర్డ్‌లో బాబ్ ట్విగ్స్, కాలిఫోర్నియా పాలిటెక్నిక్‌లో హోర్డి ప్విగ్ సువారి, ఒక కొలత పెట్టారు. పొడవు, వెడల్పు, ఎత్తు, అన్నీ 10 సెంటీమీటర్లే. బరువు కిలో, కిలోంబావు. రాకెట్‌లో దాన్ని పెట్టే స్ప్రింగు పెట్టెకీ ఒకే కొలత. డబ్బా సైజు ఖాయమైపోతే ఏ దేశంలో పిల్లలు చేసినా ఏ రాకెట్‌లోనైనా పడుతుంది. గ్యాస్ సిలిండరూ రెగ్యులేటరూ లాగన్నమాట. మొదటి జట్టు 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్స్క్ నుంచి ఎగిరింది. అందులో టోక్యో యూనివర్సిటీ పిల్లలు చేసిన ఎక్స్.ఐ.-4 అనేది పదేళ్ళు దాటినా బీకన్, అంటే నేనున్నానని చెప్పే రేడియో కూత, పంపుతూనే ఉంది. పిల్లలు చేసిన వస్తువు, బజారులో దొరికే విడిభాగాలతో!

ఆ టోక్యో పిల్లల గురించి ఒక సంగతి చెప్పాలి. వాళ్ళు నేరుగా ఉపగ్రహం మీద పడలేదు. ముందు కూల్‌డ్రింక్ డబ్బా సైజులో ఒక పరికరం చేశారు, దాన్ని క్యాన్‌శాట్ అంటారు. 1999 నుంచి అమెరికాలో నెవాడా ఎడారికి వెళ్ళి, అక్కడ సరదాకి రాకెట్లు ఎగరేసే ఔత్సాహికుల చేత నాలుగు కిలోమీటర్ల ఎత్తుకి పంపించుకుని, పారాచూట్‌తో దింపుకున్నారు. ఆ ఔత్సాహికులు ఏ సంస్థ ఉద్యోగులూ కాదు. ఎడారిలో గుడారాలు వేసుకుని, సొంత డబ్బుతో వచ్చినవాళ్ళు. నిపుణుడంటే మీరు ఊహించుకునే మనిషి, నాలాగ తెల్ల జుట్టు, ఫైలు, అతనొక్కడే కాదని చెప్పడానికి ఈ ముచ్చట.

సరే, అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీ వాళ్ళు రివ్యూకి పిలిచారు. కాలేజీ పేరెందుకు లెండి. మంచి పిల్లలు. గోడ మీద పెద్ద పోస్టరు, త్రీడీ బొమ్మ, కెమెరా, భూమి ఫోటోలు తీస్తుందట. ఒక అబ్బాయి నలభై నిమిషాలు స్లైడ్లు చూపించాడు. నేను ఒక్కటే అడిగాను. "బాబూ, ఇది చీకట్లో ఏం తింటుంది?"

అందరూ మొహాలు చూసుకున్నారు. 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమిని సుమారు 95 నిమిషాలకి ఒకసారి చుట్టి వస్తుంది. అందులో 35 నిమిషాల దాకా భూమి నీడలో ఉంటుంది. అంటే గంట సంపాదన, అరగంట పైన ఖర్చు. రోజుకి పదిహేను సార్లు. జీతం వచ్చే రోజులూ రాని రోజులూ ఉన్న ఇల్లు ఎలా నడపాలో మీ అమ్మగార్లకి తెలుసు, మీకు తెలియదు. (నవ్వులు)

వెనకాల రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె ల్యాప్‌టాప్ తెరిచింది. పవర్ లెక్క ఆమెదట. బోర్డు మీద రాయమన్నాను. రాసింది. క్యూబ్ ఒక ముఖం మీద రెండు సోలార్ సెల్స్, ఒక్కోటి 30 చదరపు సెంటీమీటర్లు. సూర్యుడి నుంచి చదరపు మీటరుకి 1361 వాట్లు. సెల్ సామర్థ్యం 28 శాతం. గుణిస్తే ముఖానికి 2.3 వాట్లు. ఇంతవరకూ బంగారం. తర్వాత లైన్లో ఆమె ఎప్పుడూ రెండు ముఖాలు ఎండలో ఉంటాయని వేసి 4.6 వాట్లు అని రాసింది. ఇరవై నాలుగు గంటలూ.

"రెండు ముఖాలూ సూర్యుడికి సూటిగా ఎలా ఉంటాయమ్మా?" అన్నాను.

చాక్‌పీసు పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. తర్వాత తనే డస్టర్ తీసుకుని క్యూబ్‌లాగ పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. అదీ నేను చూడాలనుకున్నది. ఇష్టం వచ్చినట్టు దొర్లే క్యూబ్‌కి సగటున ఎండ తగిలే వైశాల్యం మొత్తం వైశాల్యంలో నాలుగో వంతు. వాళ్ళకి ఒక ముఖం యాంటెన్నాకి పోయింది, సెల్స్ ఉన్నవి అయిదే. అయిదుని నాలుగుతో భాగిస్తే ఒకటింబావు ముఖం. ఎండలో ఉన్నంతసేపూ 2.9 వాట్లు. నీడ తీసేస్తే సగటు 1.8. రెగ్యులేటర్‌లో, బ్యాటరీలో పోయేది పదిహేను శాతం తీసేయండి. మిగిలింది ఒకటిన్నర వాట్. సెల్‌ఫోన్ ఛార్జర్ కూడా దీనికంటే ఎక్కువ ఇస్తుంది.

ఇప్పుడు ఖర్చు. కంప్యూటరూ రిసీవరూ ఆపడానికి లేదు, రెండూ కలిపి 0.7 వాట్. ట్రాన్స్‌మిటర్ మాట్లాడినప్పుడు 3.5 వాట్లు తాగుతుంది. బీకన్ ప్రతి పది సెకన్లలో నాలుగు సెకన్లు పంపేలా పెట్టారు. అంటే సగటు 1.4. మొత్తం 2.1. రాబడి ఒకటిన్నర, ఖర్చు రెండూ పాయింట్ ఒకటి. బ్యాటరీ పది వాట్ అవర్లు, అంటే ఒక వాట్ చొప్పున పది గంటలు. ఆ అమ్మాయే లెక్క కట్టి, గొంతు తగ్గించి చెప్పింది: "సార్, పదహారు పదిహేడు గంటల్లో అయిపోతుంది."

రాకెట్ ఎక్కిన మరుసటి రోజు పొద్దునకి దీపం ఆరిపోయేదన్నమాట. కెమెరా ఇంకా ఆన్ కూడా చేయలేదు.

పరిష్కారం ఎంతసేపు పట్టిందనుకున్నారు? అయిదు నిమిషాలు. బీకన్ ఇరవై సెకన్లకి ఒక సెకను చేశారు. 1.4 ఉన్నది 0.2 లోపుకి వచ్చేసింది. నేను చెప్పలేదు, వాళ్ళే చేశారు. కానీ ఈ ప్రశ్న నేను బోర్డు అచ్చు వేయించిన తర్వాత, సోలార్ సెల్స్ అతికించిన తర్వాత అడిగి ఉంటే? ట్రాన్స్‌మిటర్ అంతకన్నా పెద్దదై, సాఫ్ట్‌వేర్‌తో తీరనిదై ఉంటే? అప్పుడు నేను చేయగలిగింది సానుభూతి చెప్పడమే. కాబట్టి "పూర్తయ్యాక రండి" అని నాలాంటివాణ్ణి పిలవకండి. కాగితం మీద ఉండగానే పిలవండి. కాగితం చింపడం సులువు.

ఇక్కడ మీరు అడగొచ్చు, మాకెవరు వస్తారు సార్, మాది చిన్న ఊరు అని. మన దేశంలో ఈ దారి వేసి ఉంది. 2009 ఏప్రిల్ 20న అన్నా యూనివర్సిటీ వాళ్ళ 40 కిలోల అనుశాట్ వెళ్ళింది, ఇస్రో ఇంజనీర్లు పక్కన నిలబడి చేయించారు. 2010 జూలైలో స్టడ్‌శాట్, కిలో కూడా లేదు. అది ఒక్క కాలేజీది కాదు, బెంగళూరు, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కలిసి చేసింది. మన పిల్లలున్నారు అందులో. 2011 అక్టోబర్ 12న కాన్పూర్ ఐ.ఐ.టి. వాళ్ళ జుగ్ను, మూడు కిలోలు. హిందీలో మిణుగురు పురుగు. 2016లో పుణె కాలేజీ పిల్లల స్వయం, ఆ సెప్టెంబర్‌లోనే ముంబై ఐ.ఐ.టి. ప్రథమ్. ప్రథమ్ 2007లో మొదలైంది. తొమ్మిదేళ్ళు!

తొమ్మిదేళ్ళంటే ఏమిటో ఆలోచించారా? మొదలుపెట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టుంటారు. (నవ్వులు) బీటెక్ నాలుగేళ్ళు. ఉపగ్రహానికి అంతకన్నా ఎక్కువ. నన్నడిగితే విద్యార్థి ఉపగ్రహాలకి రేడియేషన్ కంటే పెద్ద శత్రువు కాన్వొకేషన్.

ఒకచోట బోర్డు చూస్తుంటే ఒక రెసిస్టర్ విలువ సర్క్యూట్ బొమ్మలో ఒకటి, బోర్డు మీద ఇంకొకటి. "ఇదెందుకు మార్చారు?" అన్నాను. "అన్న వాళ్ళు మార్చారు సార్." "ఏ అన్న?" "పాసైపోయారు సార్." అన్నకి ఫోన్ చేస్తే అన్న హైదరాబాద్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు, ఆయనకీ గుర్తులేదు. ఆ రెసిస్టర్ ఉంచాలా తీయాలా తేల్చడానికి మూడు వారాలు పట్టింది.

ఇక నా తప్పు చెప్తాను. వేరే టీమ్, వేరే ఊరు. కంప్యూటర్ బోర్డు ఉన్నట్టుండి రీసెట్ అవుతోంది. ట్రాన్స్‌మిటర్ ఆన్ అయిన ప్రతిసారీ. రాత్రి ఎనిమిదైంది, నాకు పదింటికి రైలు. పిల్లలు అలసిపోయి ఉన్నారు. గ్రౌండ్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి, సన్నగా ఉందని నాకు చూడగానే అర్థమైంది. సోల్డరింగ్ ఐరన్ నేనే తీసుకుని లావు తీగ ఒకటి వేసేశాను. రీసెట్ ఆగింది. చప్పట్లు. నేను కూడా లోపల పొంగిపోయాను, అబద్ధమెందుకు. ఆరు వారాల తర్వాత ఫోన్. కొత్త బోర్డు అచ్చయి వచ్చింది, మళ్ళీ రీసెట్ అవుతోంది సార్ అని. నేను వేసిన తీగ కొత్త బోర్డు డిజైన్‌లోకి ఎక్కనే లేదు. ఎవరూ రాసుకోలేదు, ఎందుకంటే అది ఎందుకు పనిచేసిందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. చెప్పనిది నేను. రైలు అందుకోవడానికి పోయింది ఆరు వారాలు, ఒక బోర్డు ఖర్చు.

అప్పటి నుంచి ల్యాబ్‌కి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుంటాను. నిజంగానే, ఇలా. నాతోపాటు ఇక్కడున్న లెక్చరర్లకి, రిటైరై ఖాళీగా ఉండి పిల్లలకి సాయం చేద్దామనుకునే నా తోటివాళ్ళకి కూడా ఇది చెప్తున్నాను. మనం చేత్తో చేసింది వాళ్ళ దగ్గర నిలవదు.

ఐరోపా వాళ్ళ పద్ధతి ఒకటి నాకు నచ్చుతుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 నుంచి "ఫ్లై యువర్ శాటిలైట్" అని ఒక కార్యక్రమం నడుపుతోంది. పిల్లలు తమ డిజైన్ కాగితాలు పంపుతారు. సంస్థ నిపుణులు చదివి, ఒక్కో అభ్యంతరాన్ని ఒక్కో చీటీగా రాస్తారు. ఆ రంగంలో దాన్ని రిడ్ అంటారు. పిల్లలు ప్రతి చీటీకీ జవాబు రాయాలి: ఒప్పుకుంటున్నాం, ఇలా మారుస్తాం, లేదా ఒప్పుకోం, ఎందుకంటే ఇదీ కారణం. రెండోది రాసే హక్కు ఉంది చూశారా, అది గొప్ప విషయం. ఐర్లాండ్ దేశపు మొట్టమొదటి ఉపగ్రహం, ఐర్‌శాట్-1, డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ విద్యార్థులు చేసింది, ఆ దారిలో వచ్చిందే. 2017లో ఎంపికైంది, 2023 డిసెంబర్ 1న ఎగిరింది. ఆరేళ్ళు. మధ్యలో ఎంతమంది చేతులు మారి ఉంటాయో. రాతలో ఉంది కాబట్టి నిలబడింది.

ఒప్పుకోమని చెప్పే హక్కు అన్నాను కదా, అది నా మీదే ఒకసారి ప్రయోగించారు. యాంటెన్నా సంగతి. క్యూబ్‌శాట్ యాంటెన్నా టేపు కొలబద్దలాగ మడిచి నైలాన్ దారంతో కట్టేస్తారు. బయటికి వచ్చాక ఒక చిన్న తీగని కరెంటుతో కాల్చితే దారం తెగి యాంటెన్నా లేచి నిలబడుతుంది. నిబంధన ప్రకారం పెట్టెలోంచి బయటపడ్డాక అరగంట దాకా దాన్ని విప్పకూడదు, ముప్పావుగంట దాకా రేడియో పలకకూడదు. పక్కనున్న పెద్ద ఉపగ్రహానికి ఇబ్బంది రాకుండా. ఈ పిల్లల టేబుల్ మీద దారం మూడు సెకన్లలో తెగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో అయిదు సెకన్లు పెట్టారు. నేను పెద్దరికంగా "శూన్యంలో ఇంకా ఆలస్యమవుతుంది" అన్నాను. మూడో సంవత్సరం మెకానికల్ కుర్రాడు లేచి, "సార్, గాలి ఉంటేనే కదా తీగ వేడిని లాక్కుపోయేది? శూన్యంలో ఇంకా తొందరగా వేడెక్కాలి" అన్నాడు.

వాడిదే రైటు. నేను ఆలోచించకుండా మాట్లాడాను.

అయినా పరీక్ష పెడదామన్నాను. మైనస్ 20 డిగ్రీల పెట్టెలో పెట్టి బటన్ నొక్కారు. అయిదు సెకన్లు. దారం తెగలేదు. తీగ తప్పేం లేదు. చలికి బ్యాటరీ వోల్టేజీ కుంగిపోయింది, తీగకి చేరాల్సిన కరెంటు చేరలేదు. అంటే వాడు చెప్పిన కారణం నిజం, నేను చెప్పిన ఫలితం నిజం, ఇద్దరికీ తట్టనిది బ్యాటరీ. ఆ మధ్యాహ్నం నా ఉద్యోగంలో బాగా గుర్తున్న రోజుల్లో ఒకటి. ముప్పై సెకన్లకి పెంచారు, తెగకపోతే తర్వాత చుట్టులో మళ్ళీ ప్రయత్నించేలా రాశారు, రెండో తీగ ఒకటి జోడించారు. అన్నట్టు లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదని కూడా ఆ రోజే వాళ్ళ లాగ్ పుస్తకంలోకి ఎక్కింది. ఎవరు రాశారో సంతకంతో సహా.

రేడియో గురించి రెండు మాటలు. దీనికి నేను సరైనవాణ్ణి కాను, హామ్ రేడియో వాళ్ళ దగ్గరికి, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపేవాళ్ళ దగ్గరికి, పోండి. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. మీ ఉపగ్రహం తలమీదుగా పోయేది పది పన్నెండు నిమిషాలు, 437 మెగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ వల్ల, అంటే అది దగ్గరికొచ్చి దూరమవుతూ ఉండటం వల్ల, ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ పది కిలోహెర్ట్జ్ జరుగుతుంది. నెత్తి మీద పోతున్నప్పుడు చేత్తో యాంటెన్నా తిప్పుతూ ఆ కూత పట్టుకోవడం వాళ్ళకి అలవాటు. సెకనుకి 1200 బిట్ల వేగంతో ఎనిమిది నిమిషాలు బాగా వినిపించిందనుకున్నా మీకు దిగేది 72 కిలోబైట్లు. మీ వాట్సాప్ గుడ్ మార్నింగ్ ఫోటో కూడా రాదు. (నవ్వులు) కెమెరా కావాలని మారాం చేసేవాళ్ళు ఈ లెక్క ముందు చూడండి. ఇంకొకటి, ఫ్రీక్వెన్సీ అనుమతులు, ఇస్రో బయటివాళ్ళ ఉపగ్రహాలకి అనుమతిచ్చే ఇన్‌స్పేస్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి, వీటి కాగితాలు మొదటి ఏడాదిలోనే కదిలించండి. ఉపగ్రహం తయారై అనుమతి లేక అల్మారాలో కూర్చోవడం నేను చూశాను.

హామ్ వాళ్ళు మనకి కొత్త కాదు. 2005 మే 5న శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక మీంచి వెళ్ళిన మొదటి రాకెట్‌లో కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ ఉంది. అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు, అంటే కింది నుంచి వచ్చిన రేడియో మాటని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు. ఒకటి మనవాళ్ళది. రెండోది నెదర్లాండ్స్‌లో వెన్‌లో అనే ఊళ్ళో ఇంజనీరింగ్ చదువుకుంటున్న ఒక విద్యార్థి చేసి ఇచ్చింది. తొమ్మిదేళ్ళు నడిచింది ఆ ఉపగ్రహం, 2014 దాకా. చివరికి దాన్ని ఆపింది కూడా బ్యాటరీయే. నేను పుట్టిందే ఆ బ్యాటరీల కోసమేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

మీ విషయానికి వస్తే, నా అభిప్రాయం కొందరికి నచ్చదు. మొదటి ప్రయత్నంలోనే పూర్తి ఉపగ్రహం చేయకండి. ముందు క్యాన్‌శాట్ చేయండి. తర్వాత పోయెమ్ చూడండి. ఇస్రో రాకెట్ పి.ఎస్.ఎల్.వి. నాలుగో దశ, అంటే చివరి భాగం, తన పని అయ్యాక కక్ష్యలో ఊరికే తిరుగుతుంది కదా, దాన్నే బల్లలాగ వాడుకుని పరికరాలు బిగిస్తున్నారు. కరెంటు అదే ఇస్తుంది, తిన్నగా నిలబెట్టేదీ అదే. మీరు మీ పరికరం ఒక్కటి చేసుకుంటే చాలు. 2024 డిసెంబర్ 30న వెళ్ళిన పి.ఎస్.ఎల్.వి. సి-60లో అలా 24 పరికరాలు వెళ్ళాయి, కాలేజీ పిల్లలవి కూడా ఉన్నాయి వాటిలో. నా కరెంటు గొడవ సగం తప్పుతుంది మీకు. పేరు రాదంటారా, ఉపగ్రహం మాదే అని చెప్పుకోలేమంటారా? అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను, క్యాంటీన్ వాళ్ళు సైగ చేస్తున్నారు. రేపు పొద్దున తొమ్మిదింటికి మీ ల్యాబ్‌కి వస్తాను. స్లైడ్లు వద్దు. పవర్ లెక్క బోర్డు మీద చాక్‌పీసుతో రాసి ఉంచండి, రాసినవాళ్ళే పక్కన నిలబడండి. ఫస్టియర్ పిల్లలు ఇద్దరైనా ఉండాలి, లాగ్ పుస్తకం వాళ్ళ చేతికివ్వండి. సోల్డరింగ్ ఐరన్ నాకు అందకుండా దూరంగా పెట్టండి.